పద్దెనిమిది జతల మీద ఒకటి

నీళ్లలోంచి ఒకడు తక్కువ వచ్చాడు.

ఆ సంగతి మైలవరం డ్యామ్ గట్టు మీద తేలేసరికి ఉదయం ఎనిమిదయింది. బంగాళాఖాతంలో తుపాను ఎటో మళ్లిపోయిందని పోటీ ఆపలేదు గానీ, దాని గాలి మాత్రం జమ్మలమడుగు దాకా వచ్చి కూర్చుంది. పళ్లు టకటకలాడే చలి. నీళ్లు నల్లబడి ఎగిసి పడుతున్నాయి. ముందు డ్యామ్‌లో ఈత, తర్వాత సైకిల్ మీద ముద్దనూరు మీదుగా పులివెందుల, అక్కడ ఊరి చుట్టూ పరుగు. ఈ మూడూ కలిపి ట్రయాథ్లాన్ అట. ఈత టోపీలు పంచేచోట టిక్కులు పడింది ముప్పై ఎనిమిది పేర్లకు. ఈత ముగించి సైకిళ్లెక్కింది ముప్పై ఏడుగురు. పంతొమ్మిదో నంబరు సైకిల్ ఒక్కటే స్టాండులో మిగిలింది. దాని పక్కన బూట్లు, మడత విప్పని తువ్వాలు.

కాసేపటికి ఒడ్డున తుంగలో ఎర్రటోపీ దొరికింది. దాని మీదా పంతొమ్మిదే. పోటీ ఆపేశారు.

పంతొమ్మిదంటే ఫణికుమార్, పొద్దుటూరులో గుమాస్తా. అతని భార్య సాయిలక్ష్మి గట్టు మీద కూలబడిపోయింది. నీళ్లలోకి దిగేముందు తనకు చెయ్యి ఊపాడని, తన కళ్లతో చూశానని ఎస్సైకి చెప్పి, చెప్పిందే మళ్లీ చెబుతూ ఏడుస్తోంది.

చెన్నకేశవులుకైతే రెండు బాధలు. ఒకటి ఆ అమ్మాయిని చూసి. రెండోది సొంత కొడుకు గురించి. ఆయన గొర్రెలు మేపుకునే మనిషి. కొడుకు జగదీశ్ పందెంలో ఉన్నాడని, మందను భార్యకు అప్పజెప్పి తెల్లవారేసరికి ఇక్కడికి చేరాడు. జగదీశే అందరికన్నా ముందు ఒడ్డెక్కాడు. ముద్దనూరు రోడ్డు మీద ఒంటరిగా దూసుకుపోతున్నవాణ్ణి వెనక్కి పిలిచారు. విషయం వినగానే సైకిల్ కింద పడేసి, చేపలు పట్టే జీషాన్ గుండ్రటి తెప్ప, పుట్టిలోకి ఎక్కేశాడు. ఇప్పుడు నడుముకు తాడు కట్టుకుని మునుగుతున్నాడు. పైకొచ్చిన ప్రతిసారీ పెదాలు ఇంకాస్త నల్లబడి కనిపిస్తున్నాయి. పుట్టి గాలికి గిరగిరా తిరుగుతోంది.

ఎస్సై మంచివాడే. ఈ గాలిలో ఇక వద్దు, కడప నుంచి గజఈతగాళ్లు వచ్చాక చూద్దామని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ సాయిలక్ష్మి ఆయన కాళ్ల మీద పడింది.

"ఇంకొక్కసారి సార్. ఒక్కసారి చూడమనండి."

ఆ ఏడుపు ముందు ఎవరు మాత్రం కాదనగలరు? జగదీశ్ మళ్లీ మునిగాడు.

చెన్నకేశవులు మనసులో మాత్రం ఒక లెక్క ముల్లులా గుచ్చుకుంటోంది. దొడ్డి తలుపు కొద్దిగా తెరిచి గొర్రెలను వదిలేటప్పుడు జతలు జతలుగా లెక్కపెట్టడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు. ఇరుకు సందులోంచి ఏది కదిలినా కళ్లు వాటంతటవే లెక్క మొదలుపెడతాయి. బస్సు దిగే జనాన్ని కూడా వదలడని భార్య ఓబమ్మ వెక్కిరిస్తుంది. ఈ పొద్దున ఈతగాళ్లు రెండు గుంజల మధ్య సందులోంచే నీళ్లలోకి దిగారు. ఆయన లెక్కపెట్టాడు. పద్దెనిమిది జతల మీద ఒకటి. ఆఖరివాడికి జత కుదరలేదే అని కూడా అనుకున్నాడు. అంటే ముప్పై ఏడు. దిగినవాళ్లు ముప్పై ఏడు, ఒడ్డెక్కినవాళ్లు ముప్పై ఏడు.

మరి తన కొడుకు ఎవరి కోసం మునుగుతున్నట్టు?

ఎస్సై దగ్గరికి పోబోయాడు. నోరు తెరవకముందే కానిస్టేబుల్ దూరం తోశాడు. కాగితాల్లో ముప్పై ఎనిమిది ఉంటే, గొర్రెల కాపరి నోటిలెక్క ఎవరికి కావాలి? సైకిల్ ఉంది, టోపీ దొరికింది, కట్టుకున్నదే చూశానంటోంది. తన కళ్లే మసకబారాయేమోనని కాసేపు తనను తానే తిట్టుకున్నాడు.

ఇంతలో పుట్టిలోంచి జీషాన్ కేక వినిపించింది. తాడు కదలడం లేదు. జీషాన్ రెండు చేతులతో లాగగా లాగగా జగదీశ్ తల పైకి తేలింది. పుట్టి అంచు పట్టుకుని నీళ్లు కక్కాడు. ఎస్సై మళ్లీ సాయిలక్ష్మి వైపు చూశాడు. ఆమె చేతులు జోడించి, ఇంకొక్కసారి అంది. ఎస్సై తల తిప్పుకుని పుట్టి వైపు చెయ్యి ఊపాడు. జగదీశ్ తాడు సరిచేసుకుంటున్నాడు.

ఇక లాభం లేదనుకున్నాడు చెన్నకేశవులు. వద్దని ఆమె ఒక్కమాట అంటే చాలు, అంతా ఆగిపోతుంది. పైగా మొగుడు బతికే ఉన్నాడన్న మాట ముందు పెళ్లాం చెవిన పడటమే ధర్మం. వెళ్లి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఏడ్సొద్దు. మీ ఆయప్ప సచ్చిపోలేదు."

ఆమె తలెత్తింది.

"నేను లెక్కబెట్టినా తల్లీ. ఆ సందులోంచి దిగింది ముప్పై ఏడుమందే. జీవాల లెక్కలో తల నెరిసినోణ్ణి, నా లెక్క తప్పు పోదు. మసకలో నువ్వు ఇంకెవురినో చూసి ఆయప్ప అనుకునింటావు. ఆయప్ప నీళ్లల్లోకి దిగనేలేదు, యాడనో ఒకచోట ఉంటాడు. పుట్టిని రమ్మని ఆ సారుకు చెప్పమ్మా. ఆ మునిగేది నా కొడుకు."

సాయిలక్ష్మి ఏడుపు ఆగింది. దండం పెడుతుందో, లేచి ఎస్సై దగ్గరికి పరుగెత్తుతుందోనని చెన్నకేశవులు ఆశగా చూశాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎస్సై ఎంత దూరంలో ఉన్నాడో చూసింది. కానిస్టేబుల్ ఎటు తిరిగి ఉన్నాడో చూసింది. తర్వాత ఆయన దగ్గరగా జరిగింది.

"ఈ మాట ఇంకెవురికన్నా చెప్పినావా?"