అలవాటైన చెయ్యి

యాకుత్‌పురాలో ఇంకా తెల్లవారలేదు. కొట్టంలో పాలధార చప్పుడు విని కొండల్ కందిలి పట్టుకుని లేచాడు.

కొత్త బర్రె కింద ఎవడో కూర్చుని పాలు పిండుతున్నాడు.

కొండల్‌కు ఒళ్లు మండిపోయింది. సంతలో కొన్ననాటి నుంచి ఆ బర్రె అతనికి చుక్క పాలివ్వలేదు. పొదుగు ముట్టుకుంటే తన్నేది. ఇప్పుడేమో తీరిగ్గా నెమరేస్తోంది.

వాణ్ణి మెడపట్టి బయటికి ఈడ్చాడు. నడివయసు మనిషి, భుజాన చిరుగుల కంబళి.

"దొరికినవ్ బిడ్డా. రోజూ నువ్వే పిండుకపోతున్నవ్. అందుకే నీ చెయ్యికి అలవాటు పడ్డది, నాకిస్తలేదు."

"గట్ల కాదు భాయ్. పొదుగు గట్టిపడి అరుస్తుంటే చూడలేక..."

"నా బర్రె అరుస్తే నీకేం ఫికర్?"

"జర నా మాట ఇను. ఈ బర్రె..."

చెంప పగిలింది. మళ్లీ నోరు తెరిస్తే మళ్లీ పగిలింది.

లొల్లికి చుట్టుపక్కలవాళ్లు లేచి వచ్చారు. ఠాణాలో అమీన్ సాబ్‌కు అప్పగిద్దామన్నాడు పెద్దమనిషి రామలింగం.

"అదాలత్‌ల తారీఖుల మీద తారీఖులిస్తరు, వీడు నవ్వుకుంట ఇంటికి పోతడు. చేసినోడు చేసినంత అనుభవించాలె అన్నా. దొంగతనం చేసిన చెయ్యి మళ్లా పొదుగు పట్టొద్దు. గదే న్యాయం," అన్నాడు కొండల్.

"వీని దగ్గర చెంబు గూడ లేదు. పాలన్నీ నేల మీదనే ఉన్నయి. దొంగ గిట్ల పిండుతడా?" అంది కొండల్ భార్య ఎల్లమ్మ.

"నీకేం తెలుసు? లోపలికి నడువ్."

తొట్టి అంచున ఆ మనిషి చెయ్యి పెట్టించి రోకలితో మోదాడు కొండల్. వేళ్లు నలిగిపోయాయి. అంతమంది నిలబడి చూశారు, ఒక్కడంటే ఒక్కడు అడ్డు రాలేదు. థూ, ఏం మనుషులో.

చెయ్యి కంబళిలో చుట్టుకుని, బర్రె వైపు ఒకసారి చూసి అతను వెళ్లిపోయాడు. కొండల్‌కు కడుపు చల్లబడింది.

పొద్దెక్కాక పోలీసు జవాను వచ్చాడు.

"కొండల్, నీకు బర్రెనమ్మిన దలాల్ నిన్న దొరికిండు. అది బార్కస్ బస్తీల దొంగతనం చేసిన బర్రెనట."



ఎల్లమ్మ రోకలి తెచ్చి మొగుడి కాళ్ల దగ్గర పడేసింది.

"చేసినోడు చేసినంత అనుభవించాలె అన్నవ్ గద. పెట్టు చెయ్యి."

జవానుకు ఏమీ అర్థం కాలేదు.

"ఏందమ్మా గిది? ఈ బర్రె దూడగ ఉన్నప్పుడు తల్లి సస్తే, తన చేత్తోనే పాలు తాగిచ్చి సాదుకున్న ఆయన మాకంటే ముందే ఇటు ఉరికిండు, ఇంకా రాలేదా?"