పచ్చదీపం

బాంగ్ ముక్కుకి తువ్వాలు చుట్టుకుని పడవ అడుగున ఎరల గదిలోకి దిగాడు. కుళ్లిన ఎరచేపల నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి. లాంతరు వెలుగు పడగానే బొద్దింకలు గుంపుగా చెదిరాయి. వాటి మధ్యే, బల్ల మీద ఉంది బ్యాటరీ.

"థూ!" అన్నాడు, అల్లుడు ఖాయ్‌ని తలుచుకుని.

టెర్మినళ్ల మీద పచ్చటి పెచ్చు మళ్లీ పేరుకుంది. నిన్ననే గీకాడు. పుండు మీద చీము పట్టినట్టు తెల్లారేసరికి పట్టేస్తుంది. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోశాడు. బుసబుసా నురగ పొంగింది. పాత పళ్ల బ్రష్షుతో తోమి, తుడిచి, తీగలు బిగించి, పైన గ్రీజు పూశాడు. మూతలు విప్పి బ్యాటరీ నీళ్లు పోశాడు. పైకెక్కి సోలార్ పలక మీద పక్షుల రెట్టలు కడిగాడు. ఈ వయసులో తన బతుక్కి రెట్టలు కడిగే యోగం పట్టిందని ఒళ్లు మండిపోయింది.

అల్లుడు కొత్త బ్యాటరీ కొన్నాడా అంటే అదీ లేదు. పాత వ్యానులోంచి ఊడదీసింది. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి ఖాయ్.

ఇంజను ఆపి లంగరు వేసిన పడవకి ఈ బ్యాటరీ ఒక్కటే దిక్కు. రేడియో దీని మీదే. ఆచూకీ పెట్టె కూడా దీని మీదే. అరచెయ్యంత పెట్టె. దాని మీద పచ్చదీపం వెలుగుతున్నంతసేపూ రేవు స్టేషను తెర మీద ఖాయ్ బోటు పేరున ఒక చుక్క కనబడుతుంది. ఇంటి దగ్గర కూతురు దావ్ ఫోన్లోనూ అదే చుక్క. ఆమె దాన్ని చూసుకునే నిద్రపోతుంది.

"మావా, ఈ దీపం ఆరిందంటే సర్కారోళ్లు బోటు లాగేసుకుంటారు. నీ కూతురు బజారున పడుద్ది. నువ్వు కాక నాకు నమ్మకమైనోడు ఎవడున్నాడు చెప్పు?" అన్నాడు ఖాయ్ వేటకి బయల్దేరిన మొదటి రోజున, పళ్లన్నీ బయటపెట్టి.

ఆ నవ్వు చూస్తే బాంగ్‌కి ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది. కూతురి మొహం తలుచుకుని తలూపాడు.

ఫోను మోగింది. దావ్.

"నాన్నా, తుఫానంట! బోట్లన్నీ మెకాంగ్ ఏటి మూతి రేవుకి వచ్చెయ్యాలని చెప్పేరంట. బయల్దేరేరా?"

"వస్తన్నానమ్మా."

"ఆయనకోపాలి ఫోనియ్యి."

"ఇంజన్లో తల దూర్చేడు. చేతినిండా నూనె."

"ఎప్పుడడిగినా ఇంజనే! నన్ను చేసుకున్నాడా, ఇంజన్ని చేసుకున్నాడా?" అని నవ్వింది దావ్. "తిన్నావా?"

"ఆఁ. చేప."

"తిరగెయ్యలేదు కదా?"

"లేదమ్మా."

పళ్లెంలో చేపని తిరగేస్తే నీళ్ల మీద బోటు తిరగబడుతుందని జాలర్ల నమ్మకం. బాంగ్ పైవైపు మాత్రమే తిని, కిందివైపు అలాగే వదిలేశాడు. ఆకలేసినా వదిలేశాడు.

తూర్పున ఆకాశం మసిగుడ్డలా ఉంది. రేడియో గరగరలాడింది.

"ఖాయ్ బోటు, ఖాయ్ బోటు. వెనక్కి తిరిగేరా?"

బాంగ్ మైకు అందుకుని నోరు తెరిచాడు. బోటు లాగేసుకుంటారన్న అల్లుడి మాట గుర్తొచ్చింది.

"తిరిగేం" అన్నాడు. తన గొంతు వింటే తనకే వెగటు పుట్టింది.

లంగరు ఎత్తి ఇంజను వేశాడు. సగం దారిలో ఒక పెద్ద అల కొట్టింది. కింద బ్యాటరీ ఒరిగింది, తీగ ఊడింది, దీపం ఆరిపోయింది.

పోనీ, పీడా విరగడవుతుంది అనుకున్నాడు ఒక్క క్షణం. కానీ ఫోన్లో చుక్క మాయమైతే దావ్ గుండె ఆగిపోతుంది. చుక్కాని తాడుతో బిగించి ఆ కుళ్లులోకే దిగాడు. మోకాళ్ల మీద కూర్చుని తీగని వెతికి పట్టుకుని నొక్కాడు. బ్యాటరీలోంచి ఒలికిన యాసిడ్ వేళ్లని కాల్చింది. చేపల మురికి నోట్లోకి చిమ్మింది, కక్కుకున్నాడు. దీపం వెలిగింది.

రేవు చేరేసరికి కుంభవృష్టి. పడవ కట్టేస్తుంటే రేడియోలో మళ్లీ అదే గొంతు.

"ఖాయ్ బోటు కూడా వచ్చేసింది. ఇంక బయట ఎవరూ లేరు. వెతకడానికి పోయే పన్లేదు, మనల్ని కాసే తిమింగల స్వామి దయ. పోయి పడుకోండి."

బాంగ్ బ్యాటరీనీ, దానికి తగిలించిన పెట్టెనీ గంపలో పెట్టి, మీద ప్లాస్టిక్ పట్టా కప్పి భుజానికెత్తుకున్నాడు. మెట్ల పైన దావ్ నిలబడి ఉంది. తల మీద తాటాకు టోపీ, చేతిలో ఫోను.

"రేవు గోడ దగ్గర మలుపు తిరిగిన కాణ్ణించి చూస్తానే ఉన్నాను నాన్నా చుక్కని! పులుసు పొయ్యి మీదే ఉంది. అబ్బా, ఏం కంపు కొడతన్నావ్!" అంటూ తండ్రి భుజం మీదుగా వానలోకి తొంగిచూసింది. "ఏడీ ఆయన? బోటెక్కడ కట్టేరు?"

బాంగ్ గంప ఆమె కాళ్ల దగ్గర దించి పట్టా తొలగించాడు. పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతోంది.

"నీ ఫోన్లో చుక్క ఇదేనమ్మా, మొదటి రోజే దీన్ని బోటులోంచి ఊడబెరికి, ఈ డొక్కు పడవలో నాకప్పగించి, నీ మొగుడు పదిమందినేసుకుని హద్దు దాటి అవతలి దేశం సముద్రంలోకి దొంగవేటకి పోయేడు."