ముదురు పాణం

తెల్లారినా ఆకాశం తేటపడలేదు. రాత్రి పట్టిన మబ్బు గొంగడి కప్పినట్టు ఊరి మీదే ఉంది. చినుకు లేదు, గాలి లేదు. లోపలి అర్రలోంచి పరశురాములు దగ్గు వాకిట్లోకి వినిపిస్తోంది.

కల్వకుర్తిలో దోస్తు పెండ్లికి పోయి తెచ్చుకున్న జ్వరం. నిన్న దవాఖానలో ముక్కులో పుల్ల పెట్టి చూసి, కరోనా అని తేల్చారు. గోలీలిచ్చి, వేరే అర్రలో ఉండమని ఇంటికి పంపారు. దగ్గరుండి చూసుకోవడానికి ఒక మనిషి కావాలి.

“పిల్లను తీస్కొని నువ్వు చెల్క కాడి గుడిసెకు పో మల్లికా. వాని కాడ నేనుంట,” అంది గోపమ్మ కోడలితో.

“నీకెందుకత్తా, నేనుంట,” అంది మల్లిక. అన్నది గాని, చంకలోని రెండేండ్ల పిల్లను కిందికి దింపలేదు.

“నీకు తెల్వది, ఊకో. మొన్న మందకు పారుడు రోగమొస్తే ఏమైంది? గొర్రెపిల్లలే పోయినయి. ముదురు గొర్లకు ఏమన్న అయిందా? రెండొద్దులు మూలిగి, మల్ల మేతకు లేసినయి. నాది ముదురు పాణం, నాకేం గాదు. ముందుగాల పిల్లను తప్పియ్యాలె.”

ఊరిదీ అదే లెక్క. ఊరి మొగదల ముళ్లకంప అడ్డం వేశారు. బడి మూశారు. పిల్లలను గడప దాటనివ్వడం లేదు. రేషన్ దుకాణం ముందు మాత్రం ముసలివాళ్లు ఒకరినొకరు ఆనుకుని నిలబడుతున్నారు.

మల్లికకు అసలు సంగతి తెలుసు. నిన్న బోరింగు దగ్గర ఆశ వర్కర్ మల్లీశ్వరి చెప్పింది. “గిది మీ గొర్ల రోగం అసొంటిది గాదే. చిన్నపిల్లలకు జలుబోలె వచ్చి పోతది. నీ ఈడోళ్లు శానమంది లేసి తిరుగుతరు. అరవై దాటినోళ్లకే పాణం మీదికొస్తది. మీ అత్తను గా అర్రలకు తొంగి సూడనియ్యకు.”

ఆ మాట మల్లిక గొంతు దాకా వచ్చింది. అంతలో లోపలి నుంచి పరశురాములు అన్నాడు. “మల్లికా, నువ్వు పో. పిల్ల ఆగమైతది. అమ్మ ఉంటది తియ్.”

గోడకు ఆనుకుని నిలబడ్డ మామ గుర్వయ్య గొంగడి భుజాన వేసుకున్నాడు. “మంద కాడ నేనుండాలె గద,” అన్నాడు, ఎవరూ అడగకుండానే. పెండ్లాం వైపు చూడలేదు. తువాలను ముక్కు మీదికి లాక్కుని అందరికంటే ముందు గడప దాటాడు.

“మీ మామ ఎట్ల ఉరుకుతుండో సూడు. ఆయనకు నాకన్న గొర్లే ఎక్కువ,” అని గోపమ్మ నవ్వింది.

మల్లిక మాట మింగేసి మామ వెనకే నడిచింది.

పరశురాములు తొందరగానే లేచాడు. అతను లేచేసరికి గోపమ్మ పడింది. దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టారు. చెల్కలోని గుడిసెలో మల్లిక ఫోన్ మోగితే ఎత్తడానికి జంకేది.

గోపమ్మ బతికి వచ్చింది. సగం మనిషై, గోడ పట్టుకుని వచ్చింది.

ఆ రోజు గుర్వయ్య పొట్టేలును కోశాడు. మల్లిక కూర వండింది. నలుగురూ కంచాల ముందు కూర్చున్నారు. పరశురాములు మెత్తటి ముక్కలు ఏరి తల్లి కంచంలో వేస్తున్నాడు. ఈ పూట అత్త కాళ్ల మీద పడి చెప్పేయాలనుకుంది మల్లిక. ఇంట్లో తప్పు చేసింది తనొక్కతే.

అప్పుడే మల్లీశ్వరి వచ్చింది. గోపమ్మ వేలికి మిషన్ పెట్టి చూసింది. “మంచిగనే ఉన్నది పెద్దమ్మ,” అంది. అని కదలలేదు.

“ఒక్క మాట అడుగుత, ఏమనుకోకున్రి. పెద్దమ్మను గా అర్రలకు పోనియ్యకున్రని బోరింగు కాడ మల్లికకు చెప్పిన. దవాఖానల గోలీలిచ్చేటప్పుడు పరశురాములన్నకు చెప్పిన. దొడ్డి కాడ పెద్దనాయినకు చెప్పిన, నువ్వు సుత దూరముండు అని. మరి ముగ్గుర్ల ఒక్కలన్న ఈమెకు చెప్పలేదా?”

మల్లిక మొగుడి వైపు చూసింది. అతను తండ్రి వైపు చూస్తున్నాడు. గుర్వయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

గోపమ్మ ముగ్గురి ముఖాలూ చూసింది. ఒక్కొక్కరినీ నిదానంగా చూసింది.

“చెప్పిన్రు బిడ్డా. ముగ్గురు చెప్పిన్రు. నేనే ఇనలే,” అంది. “నిలవడ్డవేంది? కూసో, ఇంత తిను.”

మల్లీశ్వరి కూర్చుంది. గోపమ్మ తన కంచంలోని మెత్తటి ముక్కలు ఏరి తిరిగి కొడుకు కంచంలో వేసింది. అతను తల ఎత్తకుండా తిన్నాడు. అందరూ తిన్నారు.