మరగని నీళ్ళు

"సంతకం పెడితే నాలుగింటికల్లా కొత్త బాయిలర్ గోడకుంటుంది. పెట్టకపోతే మీ ఆయన్ని ఈ చలికొంపలోకి ఆసుపత్రి వాళ్ళు పంపరు. ఇక మీ ఇష్టమమ్మా" అంటూ నైజెల్ కాగితాన్ని వంటింటి బల్ల మీద ముందుకు తోశాడు.

ఎడ్నా ఆక్‌రాయిడ్ కాగితాన్ని ముట్టుకోలేదు. ఇంట్లోనే కోటూ, ఉన్ని టోపీ వేసుకుని కూర్చుంది. బయట హాలిఫాక్స్ ఊరి వీధులన్నీ మంచు. ఇంటినీ, నీళ్ళనీ వేడిచేసే బాయిలర్ పొద్దున్నే ఆగిపోయింది. న్యుమోనియా నుంచి కోలుకున్న ఆమె భర్త వాల్టర్‌ని నాలుగింటికి ఇంటికి పంపాలి. ఇల్లు వెచ్చగా ఉంటేనే పంపుతామని ఆసుపత్రి వాళ్ళు ఖచ్చితంగా చెప్పారు. ఆ ముక్క ఫోనులో ఆమె నోరు జారి నైజెల్‌తో అనేసింది, అతనికి అదే పట్టయింది. బాయిలర్లు అమ్మడంలో అతను ఘటికుడు. ముసలివాళ్ళ ఇళ్ళయితే మరీను.

"ఇదెన్ని కిలోవాట్లు?"

"ముప్పై అయిదు. ఏనుగులాంటి సరుకు."

"ఉన్నవి రెండు పడగ్గదులు, ఒక స్నానాల గది. ముప్పై అయిదెందుకు నాయనా? వీధి మొత్తానికీ నన్నే స్నానాలు చేయించమంటావా?"

నైజెల్ నవ్వాడు. నవ్వక చస్తాడా. "పెద్దదైతే ఎప్పటికైనా మంచిదేగా!"

"మాకు ఇరవై నాలుగే ఎక్కువ. అది చూపించు."

"అది వచ్చే వారం గానీ రాదు."

"మరి ఈ పదేళ్ళ గ్యారంటీ?"

"పదేళ్ళు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు."

"ఏటా మీ మనిషి చేతే, మీరడిగిన రేటుకే సర్వీసు చేయిస్తేనేగా? ఇదిగో, చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేశారు!"

ఆ ఇంట్లో అప్పటికి వెచ్చబడ్డవి నైజెల్ చెవులు మాత్రమే. ఇంతలో గోడకున్న పాత బాయిలర్ గుడగుడమంది.

"విన్నారా? అది ఆఖరి గురక. పదకొండేళ్ళది. ఇక లేవదు."

"మూతైనా తీయకుండానే తేల్చేశావే! బయటికెళ్ళి పైపులు చూశావా?"

"ఈ మంచులోనా! ఇరవయ్యేళ్ళ అనుభవమమ్మా నాది. చప్పుడు వింటే చాలు."

"నేనూ విన్నాను" అంది ఎడ్నా.

నైజెల్ గడియారం చూసుకున్నాడు. "మా వాళ్ళు వ్యాన్లో ఉన్నారు. పది నిమిషాల్లో తేల్చకపోతే ఇంకో ఇంటికి పోతారు. వాల్టర్ గారి ఊపిరితిత్తుల గురించి ఒక్కసారి ఆలోచించండి."

"మా ఆయన ఊపిరితిత్తుల్ని నీ బేరంలోకి లాగకు" అంటూ ఎడ్నా లేచి, కెటిల్ నింపి మీట నొక్కింది.

నైజెల్ ప్రాణం కుదుటపడింది. ఎంత కొట్లాడుకున్నా, టీ పెట్టారంటే ఈ ఊళ్ళో వ్యవహారం కుదిరినట్టే. పెన్ను మూత తీసి కాగితం పక్కన పెట్టాడు.

కెటిల్ సన్నగా పాడడం మొదలుపెట్టగానే ఆమె మీట ఆపేసింది. నైజెల్ ఉలిక్కిపడ్డాడు. మరగని నీళ్ళతో టీ పెట్టే మనిషిని ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు. పాపం, దిగులుతో మతి పోయిందనుకున్నాడు. అంతలో ఆమె కెటిల్ పట్టుకుని పెరటి తలుపు తీసింది.

"ఎక్కడికమ్మా? కప్పులిక్కడున్నాయి!"

జవాబుగా తలుపు దభేలుమంది.

కాసేపటికి బూట్ల నిండా మంచుతో, ఖాళీ కెటిల్‌తో తిరిగొచ్చింది. తిన్నగా బాయిలర్ దగ్గరికెళ్ళి బొత్తాం నొక్కింది. లోపల టిక్కుటిక్కుమంది. ఆ వెంటనే భుగ్గుమంది. గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లు ఒక్కొక్కటీ కిర్రుమనడం మొదలుపెట్టాయి.

నైజెల్ నోరు వెళ్ళబెట్టాడు. "ఏం చేశారు?"

"బాయిలర్లోంచి నీళ్ళు బయటికి పోయే పైపులో మంచు గడ్డకట్టింది, ఆ గుడగుడ దానిదే. గోరువెచ్చగా పోశాను. మరిగినవి పోస్తే పగులుతుంది." ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని జేబులో దోపింది. "ఇది ముసలిదయ్యిందని నాకూ తెలుసు. ఎండాకాలంలో తీరిగ్గా, నలుగుర్నీ అడిగి, ఇరవై నాలుగుదే కొంటాను."

నైజెల్ పెన్నుకి మూత పెట్టాడు. "మరి... టీ?"

"పెడతాను నాయనా! ఈసారి కళపెళా మరిగిస్తాను" అంటూ ఎడ్నా వీధి తలుపు బార్లా తీసింది. "నువ్వెళ్ళాక."