బొటనవేలికి బగ్గీ

రిమోట్ కార్ల దుకాణంలో టైలరమ్మ చేతిలోంచి రిమోట్ జారిపోయింది.

అది నేలకి తగిలేలోపే పక్కనున్న మనిషెవరో వంగి పట్టుకున్నాడు. అతని ప్యాంటుకి మోకాళ్ళదాకా ఎండిన బంకమట్టి.

"కుడిచెయ్యా?" అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. ముక్కూ మొహం తెలియని మనిషికి తన చెయ్యి సంగతెందుకు?

పోయిన చలికాలం వచ్చిన పక్షవాతం ఆమె కాలిని వదిలేసింది, మాటని వదిలేసింది, కుడిచేతి బొటనవేలిని మాత్రం వదల్లేదు. ముప్పై ఏళ్ళు కాజాలు కుట్టిన వేలు ఇప్పుడు సూదిని నిలబెట్టలేకపోతోంది. కుట్టు మిషను మీద దుప్పటి కప్పేసింది. డాక్టరు పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని విసుగొచ్చి అటక మీదకి విసిరేసింది.

ఇంటి వెనక మైదానంలో బంకమట్టి ట్రాక్ ఉంది. దాని మీద బగ్గీలు, అంటే రిమోట్‌తో నడిపే మూరెడేసి రేసు కార్లు, ఎగిరెగిరి పడుతుంటే ఆమె కిటికీలోంచి గంటలతరబడి చూడడం తమ్ముడు కనిపెట్టాడు.

"వ్యాయామం అంటే చెయ్యవు. ఆటంటే చేస్తావేమో, పద!" అని ఇవాళ దుకాణానికి లాక్కొచ్చాడు.

"ఇది తీసుకోండమ్మా," అన్నాడు దుకాణదారు. "నాలుగు చక్రాలకీ మోటారు బలం అందుతుంది. మట్టి మీద ఉడుంపట్టే."

"అది వద్దు," అన్నాడు మట్టి ప్యాంటు మనిషి. "వెనక రెండు చక్రాలకి మాత్రమే బలం అందేది తీసుకోండి."

"దీనికేం రోగం?" అంది టైలరమ్మ.

"ఏ రోగమూ లేదు. మీరు తప్పు చేసినా అదే సర్దుకుపోతుంది. రెండు చక్రాలది సర్దుకోదు. వేలు కాస్త మొరటుగా కదిలిందో, గిర్రున తిరిగి పడుతుంది."

"పడిపోయేదాన్ని కొనమంటారా!"

"వేలికి బుద్ధొచ్చేది దాంతోనే అమ్మా."

తమ్ముడు కిసుక్కుమన్నాడు.

మట్టి ప్యాంటు మనిషి దుకాణదారు వైపు తిరిగాడు. "స్టీరింగ్ ఉన్న రిమోట్ వద్దు. బొటనవేళ్ళతో తోసే రెండు పుల్లలది ఇవ్వండి. టైర్లు మెత్తనివి, చిన్న బొడిపెలవి. పొద్దున నీళ్ళు చల్లాక ట్రాక్ మీది మట్టి చెమ్మగా ఉంటుంది."

ఆమె నోరు తెరిచేలోపే అన్నీ డబ్బాలోకి వెళ్ళిపోయాయి.

"ఆదివారం తొమ్మిదింటికి ట్రాక్ దగ్గరకి వచ్చెయ్యండి," అని అతను వెళ్ళిపోయాడు.

"ఎవర్రా ఈయన?" అంది దారిలో.

"క్లబ్బువాళ్ళు పెట్టుకున్న కోచ్ అయ్యుంటాడక్కా. కొత్తవాళ్ళకి నేర్పే ఉద్యోగం."

"అదీ సంగతి! జీతం తీసుకుంటున్నాడుగా, నేర్పనీ."

ఆ రోజే అతనికి మట్టి మాస్టారని పేరు పెట్టేసింది.

మొదటి ఆదివారం బగ్గీ నాలుగడుగులు వెళ్ళి, వెల్లకిలా పడ్డ బొద్దింకలా గాలిలో చక్రాలు తిప్పింది. మాస్టారు పరిగెత్తి నిలబెట్టాడు. మళ్ళీ పడింది. మళ్ళీ పరిగెత్తాడు.

"నా వేలు చచ్చిపోయింది మాస్టారూ!"

"చచ్చిన వేలైతే ఇంత గట్టిగా తొయ్యదమ్మా."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మూడో మలుపు నెలరోజులు లొంగలేదు. ఒకరోజు అతను పక్కన నిలబడి అడిగాడు.

"పట్టు గుడ్డని మిషను సూది కిందకి ఎలా జరుపుతారు?"

"జరపడమేమిటి? అదే పోతుంది. ఊరికే చెయ్యి ఆనిస్తానంతే."

"పుల్ల మీదా అలాగే ఆనించండి."

ఆనించింది. బగ్గీ వెనక భాగం కొంచెం జారి, సర్దుకుని, మలుపు తిరిగి వచ్చేసింది.

"వచ్చిందిరోయ్!" అని గట్టు మీదున్న తమ్ముడు ఎగిరి గంతేశాడు.

క్రమంగా ఆమెకి చనువు పెరిగింది. దాంతోపాటు పెత్తనమూ పెరిగింది.

"ఇవాళ పది నిమిషాలు ఆలస్యం మాస్టారూ. జీతం కోయిస్తాను."

"తప్పయిందమ్మా," అనేవాడు నవ్వుతూ.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె మిషను మీది దుప్పటి తీసింది. సూదిలో దారం నాలుగోసారికి ఎక్కింది. మాస్టారి కొలత తీసుకోలేదు, ఆమెకి మనిషిని చూస్తే చాలు. వారమంతా కూర్చుని నీలం చొక్కా కుట్టింది. చేత్తో ఏడు కాజాలు తీసింది. రెండు వంకర. విప్పి మళ్ళీ కుట్టింది.

ఆదివారం చొక్కా కాగితంలో చుట్టుకుని వెళ్ళింది. తొమ్మిదిన్నరైనా మాస్టారు రాలేదు.

షెడ్డులో క్లబ్బు కార్యదర్శి చిట్టాలు రాసుకుంటోంది.

"మీ కోచ్ ఇంకా రాలేదేమండీ?"

"కోచా? మాకు కోచ్ ఎవరూ లేరమ్మా."

"అదే, మోకాళ్ళదాకా మట్టి..."

"ఓ, ఆయనా! రోడ్డు రోలర్ నడుపుతాడు. ఇక్కడ రోడ్డు పని అయిపోయిందట, మొన్న వెళ్ళిపోయాడు. ఏ ఊరో చెప్పలేదు. ఎక్కడ రోడ్డు వేస్తే అక్కడే కదా వాళ్ళ కాపురం."

టైలరమ్మ బెంచీ మీద కూలబడింది.

"నేర్పే ఉద్యోగం అనుకున్నాను. ఎన్ని మాటలన్నానో!"

కార్యదర్శి కలం కింద పెట్టింది.

"పోయినేడు మా పోటీలో గెలిచింది ఆయనే. ఈ ఏడు దిగమంటే సాధన లేదన్నాడు. ఎలా ఉంటుంది? ఇక్కడ ఒక్కో సభ్యుడికి వారానికి అరగంటే ట్రాక్ దొరుకుతుంది. అయిదు నెలలుగా మీరు నడుపుతున్నది ఆయన అరగంటే కదమ్మా."