ముక్కు ఉద్యోగం

“ఇది పాడైంది సార్. తడిసిన అట్టపెట్టె వాసనొస్తుంది,” అంది విజయ, మూడో గ్లాసు కింద పెడుతూ.

రవిచంద్ర గుండెల్లో రాయి పడింది. ఇప్పుడే, ఇదే గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, “ఆహా! పండు మామిడి, దోరజామ, చివర్లో కాస్త నిమ్మాకు! ఆస్ట్రేలియా పేల్ ఏల్ బీరంటే ఇదీ!” అని ఊగిపోయినవాడు తనే మరి.

ఏం చేస్తాడు పాపం! చలికాలంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ ముక్కును కూడా పట్టుకుపోయింది. ఇంట్లో పాలు మాడినా తెలియదు, గ్యాసు లీకైనా తెలియదు. నాలుక మీద చేదు, తీపి, పులుపు మాత్రం మిగిలాయి. బీర్లు రుచి చూసి మంచిచెడ్డలు రాసి బతికే మనిషి. ఈ సంగతి పెళ్లానికి కూడా చెప్పలేదు. జనం ఇంటర్నెట్‌లో రాసినవన్నీ బట్టీపట్టి, రంగూ నురగా చూసి ఏదో ఒకటి వాగుతూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు.

బల్లకు ఆ చివర కూర్చున్న రత్నాకర్ ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. అబిడ్స్‌లో ఈ బార్ ఆయనదే. ఆస్ట్రేలియాలో చిన్నచిన్న కంపెనీలు కాచే బీర్లు తెప్పించి అమ్ముదామని ఆయన ఆలోచన. ఏది తెప్పించాలో ఏది వద్దో రుచి చూసి చెప్పే ఉద్యోగం ఒక్కటే ఉంది, దానికి వచ్చినవాళ్లు ఇద్దరు. ఆయన మాత్రం చుక్క ముట్టడు.

“ఏంది సార్ గిది? మీరు మామిడంటరు, ఈమె అట్టపెట్టె అంటది. ఇద్దర్ల ఒకరి ముక్కు ఖరాబైనట్టే గదా? నాకు ఒక్క ముక్కే కావాలె. ఎవరిదో మీరే తేల్చున్రి.”

విజయ ఇబ్బందిగా నవ్వింది. “సార్ నా గురువు. సార్‌కు ఎదురు చెప్పాలని కాదు. కానీ మస్తు వాసనొస్తుంది. మళ్లొక్కసారి చూడున్రి సార్, జర,” అని గ్లాసు రవిచంద్ర ముందుకు జరిపింది.

ఆ పిల్లకు గ్లాసు పట్టుకోవడం నేర్పింది అతనే. గుటకకూ గుటకకూ మధ్య ఉప్పులేని మరమరాలు నమలమని నేర్పిందీ అతనే. దానిది మంచి ముక్కు. అబద్ధం ఆడదు. అంటే బీరు నిజంగానే చెడిపోయింది! ఆ సంగతి రవిచంద్రకు బాగా తెలిసిపోయింది. ఒప్పుకుంటే మాత్రం? సాయంత్రానికల్లా గన్‌ఫౌండ్రీ నుంచి నాంపల్లి దాకా ప్రతి బార్‌లోనూ చెప్పుకుని నవ్వుతారు. ఇంక అన్నం ఎక్కడ పుడుతుంది?

మళ్లీ గ్లాసెత్తి వాసన చూశాడు. మంచినీళ్లకూ దానికీ తేడా లేదు. సిగ్గేసింది. కాసేపే. ఆ తర్వాత ఆ సిగ్గు కాస్తా కోపమై ఆ పిల్ల మీదికే మళ్లింది.

“బేగం బజార్‌లో మిరపకాయ బస్తాల మధ్య పెరిగిన ముక్కు కదండీ! ఘాటు తప్ప ఇంకేం తెలుస్తుంది?” అన్నాడు.

విజయ మొహం మాడిపోయింది. “మా నాయిన హమాలీ అయితే నా ముక్కుకేమైంది సార్?”

“గవన్నీ ఎందుకు?” రత్నాకర్ విసుక్కున్నాడు. “బీరు మంచిదా, ఖరాబా? గది చెప్పున్రి.”

విజయ కళ్లు తుడుచుకోవడానికి పక్కకు తిరిగింది. జడలో తెల్లగా, మూరెడు మల్లెల దండ! దొరికావే తల్లీ, అనుకున్నాడు రవిచంద్ర.

“ఆగండాగండి!” అని బల్ల మీద అరచేత్తో చరిచాడు. “నా ముక్కును ఇందాకట్నుంచీ చంపుతున్నదేమిటా అని చూస్తున్నాను. ఇదిగో, మల్లెపూలు! రుచి చూసే చోటికి మల్లెపూలు పెట్టుకొస్తారా ఎవరైనా? గదంతా గుప్పుమంటోంది. తల పగిలిపోతోంది నాకు. ఇంత వాసనలోనూ మామిడి పట్టుకున్నానంటే అది నా అనుభవం. నెత్తిన పూలకొట్టు పెట్టుకున్న ఈవిడగారికి అట్టపెట్టె కాక ఇంకేం తెలుస్తుంది!”

“సార్, నేను...”

“నోర్ముయ్! నేర్పినవాడి పరువు తీశావు. ఈ ఊళ్లో ఇంకెవడూ నీ చేతికి గ్లాసివ్వకుండా చేస్తాను. ఒక్కొక్కడికీ ఫోన్ చేసి చెబుతాను, చూస్తూ ఉండు.”

విజయ కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. అవి చూస్తే రవిచంద్రకు ప్రాణం లేచొచ్చింది.

“ఔ బిడ్డా, పూలు పెట్టుకొని ఎట్లొచ్చినవ్? గింత తెల్వదా?” అని రత్నాకర్ తల అడ్డంగా ఊపాడు. “సరే, సార్ ముక్కే ఖాయం. నువ్వు పో.”

రవిచంద్ర ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అంతటితో ఊరుకోవచ్చు కదా! గెలిచినవాడికి నోరాగదు. “ముందా పూలు తీసి బయట పారెయ్. నాకు వాంతొచ్చేలా ఉంది,” అంటూ జేబురుమాలు తీసి ముక్కు మూసుకున్నాడు.

విజయ దండ విప్పింది. బయటికి పోలేదు. తిన్నగా వచ్చి దాన్ని రత్నాకర్ చేతిలో పెట్టి, రవిచంద్ర వైపు తిరిగింది.

“ఇయ్యాల మా అక్క లగ్గం సార్. బీరు చూసేటప్పుడు అసలు పూలు పెట్టుకోవద్దని మీరే నేర్పిన్రు గదా, గందుకే సుల్తాన్ బజార్ల గుడ్డపూలు కొనుక్కొని పెట్టుకున్న.”