గొంతు దొంగ

బావమరిది స్నానానికి వెళ్ళిన అదును చూసి, అల్లుడు అతని గదిలోకి దూరి, కంప్యూటర్లోంచి మామగారి గొంతు దొంగిలించాడు.

పెద్ద కష్టమేమీ కాలేదు. ఒక్క సౌండు ఫైలు. దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, కంప్యూటర్లో ఉన్నదాన్ని చెరిపేశాడు. పెన్‌డ్రైవు జేబులో వేసుకుని, హాల్లోకి వచ్చి, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. గుండె మాత్రం కూర్చోలేదు.

మామగారు గ్రంథాలయంలో పనిచేసిన మనిషి. ఉద్యోగమంతా ఎవరూ మాట్లాడొద్దని చెబుతూ గడిపి, ఆ లోటంతా బయట వేదికల మీద పూడ్చుకునేవారు. నిరుడు ఆయన పదవీ విరమణ సభ జరిగింది. వీడియో తీసింది ఆయన కొడుకు, ఈ బావమరిదే. పెళ్ళిళ్ళకీ సభలకీ వీడియోలు తీయడమే అతని వృత్తి. గడ్డం నెరుస్తున్నా ఇంట్లో అందరికీ ఇంకా చంటే. మైకు పనిచేస్తోందో లేదో చూడ్డానికి, చంటి ముందుగా దాన్ని బావ కాలరుకు తగిలించాడు. బావ ఆ సంగతి మరచిపోయి వరండాలోకి వెళ్ళి, తోడల్లుడి చెవిలో నవ్వుతూ ఒక మాట అన్నాడు.

"మా మామ మైకు పట్టుకుంటే దోమలు కూడా నిద్రపోతాయి. ఈయన నోరు ఎప్పటికి మూతపడుతుందో!"

తిరిగొచ్చి మైకు తీసిచ్చేటప్పుడు చూశాడు, రికార్డరు మీద ఎర్రదీపం వెలుగుతోంది. అన్నదంతా ఎక్కిపోయింది.

అప్పటికి అది ఉత్త నవ్వులాట. ఈ వానాకాలంలో మామగారు పోయారు. ఆ తర్వాత ఆ మాట తలచుకుంటే అతనికి ముద్ద దిగడం లేదు. ఇప్పుడు చంటి ఆ వీడియోని అమ్మ కోసం ఎడిట్ చేస్తున్నాడు. ఫైలు ఇంటికి పట్టుకెళ్ళి, తన మాటలు కోసేసి, మర్నాడు ఏమీ ఎరగనట్టు తెచ్చి పెట్టేద్దామని అల్లుడి పథకం.

కానీ చంటి తల తుడుచుకుంటూనే కేకేశాడు.

"అమ్మా, రా! అయిపోయింది. నాన్న మాట ఒక్కటి కూడా కోయకుండా మొత్తం పెట్టాను. నువ్వూ రా బావా."

అల్లుడు జేబు తడుముకుంటూ వెనకే వెళ్ళాడు.

అత్తగారు కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. బొమ్మ మొదలైంది. మామగారు కొత్త చొక్కాలో వేదిక మీద నిలబడి చేతులూపుతున్నారు. పెదవులు కదులుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

చంటి స్పీకర్ల వైరు పీకి మళ్ళీ గుచ్చాడు. హెడ్‌ఫోన్లు పెట్టి చూశాడు. మ్యూట్ నొక్కి ఉందేమోనని చూశాడు. సాఫ్ట్‌వేర్ మూసి మళ్ళీ తెరిచాడు.

"బావా, ఆ టార్చి ఇటు కొట్టు. వెనక ఏదైనా ఊడిందేమో."

అల్లుడు వంగి టార్చి పట్టాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది వ్యవహారం.

"పాట పెడితే వినిపిస్తోంది. నాన్న ఒక్కరే పలకట్లేదు," అన్నాడు చంటి.

"మీ నాన్న పలక్కపోవడమా! పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి," అంది అత్తగారు.

చంటి తెర మీదికి వంగి, ఓ మూల ఉన్న ఎర్ర గుర్తు చూసి ఆగిపోయాడు.

"సౌండు ఫైలే లేదు బావా. పొద్దున కూడా ఉంది."

"వైరస్సేమో."

"వైరస్సుకి మా నాన్న గొంతెందుకు?"

"పోనీ, రికార్డర్లో ఉండదా?"

"దాని మీద ఎన్ని పెళ్ళిళ్ళు ఎక్కించానో! కెమెరాలో ఉన్నది కుర్చీల చప్పుడే." చంటి కుర్చీలో వెనక్కి వాలాడు. "పోయింది బావా. నాన్న గొంతు మనింట్లో ఇంకెక్కడా లేదు."

అత్తగారు తెరకేసి చూస్తూ అంది.

"పోనీలేరా. మనిషి కనిపిస్తున్నారుగా. ఆడనీ."

బొమ్మ మళ్ళీ నడిచింది. ఆమె కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని, ఆ పెదవులకు తన మాటలు అందించడం మొదలుపెట్టింది. "ఇదిగో, సభకు నమస్కారం అంటున్నారు... ఇక్కడ మీ అక్క సంగతి... ఇక్కడ..." ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది.

"ఇక్కడేమన్నారు బాబూ? నువ్వు ముందు వరసలోనే ఉన్నావుగా."

అల్లుడికి ఒక్క ముక్క కూడా గుర్తులేదు. ఆ రోజు ముందు వరసలో కూర్చుని అతను హాయిగా నిద్రపోయాడు.

జేబులోంచి పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టాడు.

చంటి దానికేసి చూశాడు, బావకేసి చూశాడు. దాన్ని గుచ్చి, ఫైలు దాని చోట్లో పెట్టాడు. తెర మీద ఎర్ర గుర్తు పోయింది.

"అత్తయ్యా," అన్నాడు అల్లుడు, నేలకేసి చూస్తూ. "మొదట్లోనే మీరు వినకూడని మాట ఒకటి వస్తుంది. అన్నది నేనే. అది విన్నాక మీరు నన్ను ఏమన్నా పడతాను."

"ముందు ఆయన్ని విననియ్యి నాయనా," అంది ఆమె.

చంటి మొదటినుంచీ పెట్టాడు. స్పీకర్లు గరగరలాడాయి. అల్లుడు కళ్ళు మూసుకుని, తన గొంతు కోసం ఎదురుచూశాడు.

ఎవరో సవరించుకున్న గొంతు వినిపించింది. తర్వాత, పుస్తకాల బీరువాల మధ్య మాట్లాడినట్టు, మెల్లగా, చాలా దగ్గరగా, మామగారు అన్నారు:

"చంటీ, మైకు చూడ్డానికని నువ్విచ్చిన హెడ్‌ఫోన్లు బ్రహ్మాండంగా ఉన్నాయిరా, మీ బావ వరండాలో నా గురించి అన్నదంతా వినపడింది. నిజమే అన్నాడనుకో, కానీ ఆ ముక్క కోసెయ్, మీ అమ్మ చెవిన పడితే పాపం ఈ ఇంట్లో వాడికిక కాఫీ పుట్టదు."